బిళ్ల అడుగున రాసిన తేదీ

కిందటి వారం మనం ఆమెను అన్నయ్య ఇంటి మేడమీది గదిలో, నేల మీద కూర్చోబెట్టి వదిలేసి వచ్చాం. మర్నాటి ఆట కోసం బొమ్మల సైన్యాన్ని పెట్టెల్లో సర్దుతోంది. చెయ్యి జారి డోలు వాయించే సైనికుడొకడు కింద పడ్డాడు. రెండు వేలి కణుపుల ఎత్తు సీసం బొమ్మ. దానికేమీ కాలేదు. పాదాల కింద అతికించిన గుండ్రటి బిళ్ల మాత్రం ఊడి, గిర్రున తిరిగి, కుర్చీ కాలి దగ్గర ఆగింది. తీసి చూస్తే లోపలి వైపు అన్నయ్య చేతిరాత కనిపించింది.

అన్నయ్య ప్రతి బిళ్ల లోపలా ఏదో రాస్తాడని ఆమెకు తెలుసు. సర్వే ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు పటాలు గీసి రిటైరైన మనిషి. పటం పూర్తయ్యాక మూలన తేదీ, వేళ వెయ్యనిదే బల్ల దగ్గర్నుంచి లేచేవాడు కాదు. ఆ అలవాటే బొమ్మలకీ వచ్చింది. ముఖం వెయ్యడం వరకే ఆమె పని. తర్వాత బొమ్మ అన్నయ్య చేతికి వెళ్లిపోతుంది, బిళ్ల అతికించేది అన్నయ్యే. లోపల ఏం రాస్తున్నాడో చదవాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు భూతద్దం దీపం దగ్గరికి లాక్కుని చదివింది.

"డోలు దళం. ఎనిమిదిలో మూడు. జూన్ 11. ఉదయం 9.40 నుంచి సాయంత్రం 4.15 వరకు, ఏకబిగిన."

పక్కనే సంవత్సరం కూడా ఉంది. పందొమ్మిదేళ్ల కిందటిది. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నా ఎక్కడా చెదరలేదు.

ఆ జూన్ పదకొండున, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఆమె భర్త బస్ షెల్టర్ బెంచీ మీద కూర్చుని కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు.

ఆయన లిఫ్ట్ మెకానిక్. ఆ రోజు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఆమె కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పనిలో ఉంది. గుండెల్లో నొప్పి మొదలయ్యాక ఆయన రెండు వీధుల అవతల ఉన్న అన్నయ్య ఇంటికి ఫోన్ చేశాడు. అన్నయ్యకి కారుంది. ఆసుపత్రి కారులో వెళ్తే పది నిమిషాలు. ఫోన్ చేసిన సంగతి ఆమెకి తర్వాత తెలిసింది. ఆయన తర్వాత ఎవరూ ముట్టని ఇంటి ఫోన్‌ని పన్నెండో రోజున ఎత్తి, చివరగా చేసిన నంబరు మళ్లీ కలిపే బొత్తాన్ని ఊరికే నొక్కింది. అవతల అన్నయ్య గొంతు పలికింది. ఆ రోజు నేను సర్వే క్యాంపులో ఉన్నాను చిట్టీ, మీ వదినేమో వాళ్ల అక్కగారింటికి వెళ్లింది, ఇంట్లో ఎత్తే దిక్కులేదు అని అన్నయ్య ఏడ్చాడు. ఆమే ఓదార్చింది.

పందొమ్మిదేళ్లు ఆమె మనసులో ఒక ఖాళీ ఇల్లు ఉండేది. హాల్లో బల్ల మీద ఫోన్ మోగుతూ ఉంటుంది. కిటికీ తెరలు కదులుతూ ఉంటాయి. ఎవరూ ఉండరు. ఎవరి తప్పూ లేదు గనకనే దాన్ని భరించగలిగింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

"చిట్టీ, రేపు ఆట చూడ్డానికొచ్చే క్లబ్బువాళ్లు పొద్దున ఎనిమిదింటికే దిగుతారట," అంటూ అన్నయ్య లోపలికొచ్చాడు. "నలుగురు అనుకున్నాం, తొమ్మిదిమంది వస్తున్నారు. 'జనరల్ గారి సైన్యం మొత్తం ఒకే బల్ల మీద చూసే భాగ్యం మళ్లీ దొరుకుతుందా' అంటున్నాడు వాళ్ల సెక్రటరీ. ముఖాల మేడం వస్తారా అని కూడా అడిగాడు. ఆ జెండా దళం నలభైమంది ముఖాలే మిగిలాయి. సాయంత్రానికి అయిపోతుందంటావా?"

ఈ సీసం సైనికులతో యుద్ధాలాడే క్లబ్బులో అందరూ అన్నయ్యని జనరల్ అంటారు. ఆమెని ముఖాల మేడం అంటారు. ఆవగింజంత ముఖంలో రెండు కళ్లు, వాటిలో రెండు చుక్కలు, పెదవికింద నీడ, నిన్న రాత్రి నిద్రలేనట్టు కంటికింద ఎరుపు, ఇవన్నీ ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వెయ్యలేదు. రోజంతా పళ్ల రంగుకి చిగుళ్ల రంగు కలపడం ఆమె ఉద్యోగం. మనిషి మొహంలో ఏ రంగు పక్కన ఏ రంగు ఉంటుందో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"అన్నయ్యా, జూన్ పదకొండున నువ్వెక్కడున్నావు?"

అన్నయ్య బల్ల దగ్గరికి వెళ్లి కుంచెలు సర్దుతున్నాడు.

"ఏ జూను?"

"మనింట్లో జూన్ పదకొండులు ఎన్నున్నాయి?"

కుంచెలు సర్దుతున్న చెయ్యి ఆగింది. "అదేంటి ఇప్పుడు? క్యాంపులో ఉన్నా. నీకు తెలియనిదా?"

ఆమె లేచి వచ్చి బిళ్లని బల్ల మీద పెట్టింది. పక్కనే డోలు సైనికుణ్ణి పడుకోబెట్టింది.

అన్నయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. వంగి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. ఎవరో ఇంకొకరు రాసింది చదువుతున్నట్టు చదివాడు. తర్వాత బిళ్లని గోటితో గీకి చూశాడు.

"జిగురు ఎండిపోయినట్టుంది," అన్నాడు. "పాతది కదా."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వే వచ్చింది, దాన్ని ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"జిగురు సంగతా అన్నయ్యా నేనడుగుతోంది?"

"తేదీ తప్పు రాసి ఉంటాను."

"నువ్వా?"

ఆ ఒక్క మాటకి అన్నయ్య తల దించుకున్నాడు. ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క పటం వెనక్కి రాలేదని రిటైర్మెంటు సభలో వాళ్ల ఆఫీసరు చెప్పిన మాటని అన్నయ్య ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తుంటాడు. తేదీ తప్పు రాశానని ఒప్పుకోవడం అబద్ధమాడానని ఒప్పుకోవడం కంటే కష్టమైనట్టుంది. "తప్పు కాదులే," అన్నాడు.

"ఇంట్లోనే ఉన్నావు."

"ఉన్నా."

"ఈ గదిలోనే."

"ఈ బల్ల దగ్గరే. క్యాంపు ముందురోజే ముగిసిపోయింది. ఆఫీసుకి చెప్పకుండా ఒకరోజు మిగుల్చుకున్నా. ఎన్నాళ్ల నుంచో ఆ డోలు దళం అలాగే ఉండిపోయింది."

"ఫోన్ మోగిందా?"

కిటికీ బయట ఎవరో పరుపు దులుపుతున్నారు. ఆ దెబ్బలు వరసగా వినిపిస్తున్నాయి.

"అన్నయ్యా, ఫోన్ మోగిందా?"

"మోగింది."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు." తర్వాత హడావుడిగా అన్నాడు. "అది కింద హాల్లో మోగింది చిట్టీ. నేనిక్కడున్నా. చేసేది ఎవరో ఏమిటో నాకేం తెలుస్తుంది చెప్పు? పాలవాడో, ఆఫీసువాళ్లో. ఆఫీసువాళ్లయితే నేను దొరికిపోతాను. మొదటిసారి అదే అనుకున్నా. రెండోసారీ అదే అనుకున్నా."

"మూడోసారి?"

పరుపు దులపడం ఆగిపోయింది.

"మూడోసారి బావేమో అనిపించింది," అన్నాడు అన్నయ్య. "ఒంట్లో బాగాలేదు, సెలవు పెడతాడని నువ్వే ముందురోజు మీ వదినతో చెప్పావట. పొద్దుపోక చేస్తున్నాడనుకున్నా. నీకు తెలుసుగా ఆయన సంగతి. వచ్చాడంటే రెండు గంటలు లేవడు. ఏ బిల్డింగులో ఏ లిఫ్టు ఎందుకాగిపోయిందో మొత్తం చెప్పందే ఊరుకోడు. అప్పుడే రంగు కలిపి ఉన్నా చిట్టీ. ఆ దళానికి కావలసిన నీలం నాలుగు రంగులు కలిపితే వస్తుంది, ఎంత నలుపు వేశానో నాకే తెలియదు. ఎండిపోతే మళ్లీ అదే నీలం రాదు. ఎనిమిది కోట్లూ ఒకే నీలంలో ఉండాలి. మూడోది చేతిలో ఉంది. అది అయ్యాక నేనే తిరిగి చేద్దామనుకున్నా."

"అయ్యాక చేశావా?"

"నాలుగోది మొదలుపెట్టా."

ఆమె బల్ల మీదున్న సైనికుడి వైపు చూసింది. నీలం కోటు. మడతల్లో ముదురు నీలం, మడత అంచుల్లో లేత నీలం, ఛాతీ మీద దారపు పోగంత సన్నని బంగారు గీతలు. ఎంత బాగుందో. ఆ నీలాన్ని ఆమె వందసార్లు మెచ్చుకుంది. ఇలాంటి నీలం మళ్లీ ఎందుకు కలపలేకపోతున్నావని అన్నయ్యని వేళాకోళం కూడా చేసింది. అప్పుడు అన్నయ్య నవ్వాడు. ఏమని నవ్వాడో ఇప్పుడు ఎంత గుర్తుతెచ్చుకున్నా అందలేదు.

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందా నీకు?" అంది.

"వద్దు చిట్టీ."

"గుర్తుందా?"

"ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే అన్నాడు."

"నా పక్కన నిలబడి విన్నావు. నా భుజమ్మీద చెయ్యేసి విన్నావు. ఆ రోజు సాయంత్రం ఏడింటికి ఆసుపత్రికొచ్చావు. భుజాన క్యాంపు సంచి. బూట్లనిండా దుమ్ము. పాపం, అంత దూరం నుంచి పడుతూ లేస్తూ వచ్చాడని నేనే నీకు మంచినీళ్లిచ్చాను. ఆ దుమ్మెక్కడిది అన్నయ్యా?"

అన్నయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు.

"ఎక్కడిది?"

"పెరట్లో పూలకుండీలోది," అన్నాడు.

అంతవరకూ ఆమె ఏడవలేదు. అది విన్నాక కూడా ఏడవలేదు. కానీ కుర్చీలో కూర్చుండిపోయింది. ఫోన్ ఎత్తకపోవడం ఒక నిమిషం పని. మనిషి అన్నాక ఒక నిమిషం బద్ధకిస్తాడు, విసుక్కుంటాడు. దాన్ని ఎప్పటికైనా క్షమించగలదేమో. పూలకుండీలో చెయ్యిపెట్టి మట్టి తీసి, బూట్లకి పామి, పైపైన దులిపి, చాలిందో లేదో చూసుకుని, ఆ తర్వాత చచ్చిపోయిన మనిషి దగ్గరికి బయల్దేరాడు. సైనికుల బూట్లకి దారి దుమ్ము వెయ్యడంలో అన్నయ్యని మించినవాడు క్లబ్బులో లేడు. ముందు ముదురు మట్టి, ఎండాక లేత మట్టి, మడమ దగ్గర ఎక్కువ, వేళ్ల దగ్గర తక్కువ.

"నాకు అబద్ధం చెప్పగలిగావు," అంది మెల్లగా. "పోలీసులు రాసుకుంటుంటే వాళ్లకీ చెప్పావు. బిళ్లకి మాత్రం చెప్పలేకపోయావు."

"అది రికార్డు. రికార్డు దిద్దకూడదు."

అన్న తర్వాత ఆ మాట తన చెవికే ఎలా వినిపించిందో, అన్నయ్య కళ్లజోడు తీసి చొక్కాకి తుడవడం మొదలుపెట్టాడు.

"ఆరోజే తీసెయ్యచ్చు. గీకెయ్యచ్చు. చాలాసార్లు చేతిలోకి తీసుకున్నా. నావల్ల కాలేదు. అది అక్కడుంటేనే బావుంటుందనిపించేది. ఎప్పటికైనా నువ్వు చూస్తావేమో అని కూడా అనిపించేది. చూడకూడదనీ అనిపించేది. ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పక్కర్లేదు. ఇంకొకటి అడుగుతా. ఆయన పోయిన నెలకి నువ్వు నాకు కుంచె తెచ్చిచ్చావు. గుర్తుందా? అన్నం తినట్లేదు, గోడకేసి చూస్తూ కూర్చుంటోందని ఇక్కడికి తీసుకొచ్చి ఈ కుర్చీలోనే కూర్చోబెట్టావు. ఒక సైనికుణ్ణి చేతిలో పెట్టి, దీనికి కళ్లు పెట్టమ్మా, నీ చెయ్యి స్థిరంగా ఉంటుంది అన్నావు."

"నీ మనసు మళ్లుతుందని చిట్టీ. ఒట్టు. దాంట్లో మోసం లేదు."

"మళ్లింది. అదే కదా నా ఖర్మ."

మొదటి ఏడాది ఆమె ఏ ముఖం వేసినా భర్త ముఖమే వచ్చేది. వెడల్పు నుదురు, కొంచెం వాలిన ఎడమ కన్ను, ఎవరో పిలిస్తే ఇప్పుడే వెనక్కి తిరగబోతున్నట్టు మెడ. కావాలని వేసేది కాదు. కుంచె అటే వెళ్లేది. అలా అరవైమంది అయ్యారు. అన్నయ్య ఆ అరవైమందినీ ఒక దళంగా కట్టి వెనక వరసలో, ఆట బల్ల మీది బొమ్మ కొండ చాటున పెట్టేవాడు. ఎన్ని ఆటలాడినా ఆ దళాన్ని ముందుకు నడిపేవాడు కాదు. అది ఆఖరి అవసరానికి దాచిన బలగం అనేవాడు. ఓడిపోతున్న ఆటల్లో కూడా దాన్ని కదపలేదు. దెబ్బ తగలకుండా కాపాడుతున్నాడని ఆమె మురిసిపోయేది. మా అన్నయ్యకి చెప్పకుండానే అన్నీ అర్థమవుతాయని ల్యాబులో చెప్పుకునేది.

"ఆ అరవైమందినీ ఎందుకు ముందుకి తేలేదో ఇప్పుడర్థమైంది," అంది. "నీకు ఎదురుగా నిలబడి చూస్తారని."

"అలా అనకు."

"ఏ పని కోసం ఆయన్ని వదిలేశావో ఆ పనే నా చేత చేయించావు. ఏ బల్ల దగ్గర కూర్చుని ఫోన్ ఎత్తలేదో ఆ బల్ల దగ్గరే నన్ను పందొమ్మిదేళ్లు కూర్చోబెట్టావు. శనివారం వస్తే ఎప్పుడెప్పుడు వద్దామా అని నేను పరిగెత్తుకొచ్చేదాన్ని. నాకిదొక్కటే సుఖం అనుకున్నా."

అన్నయ్యకి కోపం వచ్చింది. చేతకాని మనిషికి వచ్చే కోపం.

"ఈ పందొమ్మిదేళ్లూ నిన్ను చూసుకోలేదా నేను? జ్వరమొస్తే ఎవరొచ్చారు? ఇల్లు మారితే ఎవరు మార్చారు? ఒక్క ఆదివారం నిన్ను ఒంటరిగా వదిలానా? చూసుకోలేదా?"

"చూసుకున్నావు. నిజం నా కంటపడకుండా చూసుకున్నావు."

గదినిండా రంగుల వాసన. గోడవారగా పెట్టెలు, పెట్టెల్లో మెత్తటి ఫోమ్ గుంటల్లో పడుకున్న వెయ్యిమంది. బల్ల మీద చెక్కపుల్లలకి అంటించిన జెండా దళం నలభైమంది. కోట్లు అయ్యాయి, బూట్లు అయ్యాయి, జెండా మడతలు అయ్యాయి. ముఖాల చోట మాత్రం రంగుకి ముందు వేసే నల్లటి పూత. వాటి పక్కనే ఆమె పొద్దున కలుపుకున్న చర్మపు రంగు చిన్న గాజు సీసాలో, మూత తీసి ఉంది.

ఆమెకి అప్పుడు ఏడుపు వచ్చింది. చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని, వంగి మోకాళ్ల మీద తలపెట్టుకుంది. అన్నయ్య వచ్చి తల మీద చెయ్యి వేస్తాడని ఒళ్లంతా బిగబట్టింది. వేస్తే తోసెయ్యాలో వద్దో ఆమెకే తెలియదు.

చెయ్యి పడలేదు. చిన్న చప్పుడు వినిపించింది. టిక్కుమని.

తల ఎత్తి చూసింది. అన్నయ్య రంగు సీసాకి మూత పెడుతున్నాడు.

అతనికి తాను చేస్తున్నది తెలియలేదు. కళ్లు ఆమె వైపే ఉన్నాయి, కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. వేళ్లు మాత్రం వాటంతటవే వెళ్లి, రంగు ఎండిపోకుండా మూత తిప్పి బిగించాయి. ఆమె చూస్తోందని గ్రహించాక సీసా మీదనుంచి చెయ్యి తీసేశాడు, ఏదో కాలినట్టు.

ఆమె కన్నీళ్లు అక్కడితో ఆగిపోయాయి.

లేచి నిలబడింది. ముఖం తుడుచుకుంది. తన మూడు కుంచెల్నీ తీసుకుని, ఒక్కొక్కదాన్నే నీళ్లలో జాడించి, గుడ్డకి అద్ది, మొన సరిచేసి, సంచిలో పెట్టుకుంది. పెట్టెల్లోంచి ఆ అరవైమందీ ఉన్న పెట్టెని వేరుచేసి చంకన పెట్టుకుంది.

"చిట్టీ, అది లేకపోతే రేపు వెనక వరస..."

"కొండ చాటున ఎవరూ లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మరి జెండా దళం? వాళ్లు ముందు వరసలో ఉంటారు. తొమ్మిదిమంది వస్తున్నారు చూడ్డానికి."

అడిగేశాక అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ఆమె కాసేపు అతన్నే చూస్తూ నిలబడింది. అరవై అయిదేళ్ల మనిషి. అమ్మ పోయాక ఆమెకి జడలు వేసిన చేతులు. ఎంత వెతికినా ఆ మొహంలో రాక్షసుడెవడూ కనిపించలేదు. పని మధ్యలో లేవడం ఇష్టంలేని మనిషి కనిపించాడు. రాక్షసుడై ఉంటే ఎంత బావుండేది!

"ముఖాలు లేకుండానే నిలబెట్టుకో," అంది. "అడిగినవాళ్లకి క్యాంపుకెళ్లారని చెప్పు."

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

కింద హాల్లో వదిన కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. ఆట బల్ల మీద పరచడానికి ఆకుపచ్చ గుడ్డకి అంచు కుడుతోంది. పొద్దుటినుంచి అదే పని. కానీ మిషను కదలడం లేదు. సూది గుడ్డలో దిగి ఉంది. వదిన చెయ్యి చక్రం మీద ఉంది. ఎంతసేపట్నుంచి అలా ఉందో, మెట్ల వైపే చూస్తోంది.

వదిన మాటకారి కాదు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. ఎవరేమన్నా, "సరేలెండి," అని లోపలికెళ్లిపోయే రకం.

"వెళ్తున్నావా అమ్మాయ్?"

"వెళ్తున్నా వదినా. మళ్లీ రాను."

"విన్నాను."

"నీకు తెలుసా? ఆ రోజు అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడని?"

వదిన తల ఊపింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆ రోజునుంచే."

"నువ్వు మీ అక్కగారింట్లో ఉన్నావుగా!"

"బయల్దేరాను. బస్సు తప్పిపోయింది. పదకొండున్నరకి వెనక్కొచ్చేశా, అప్పటికి ఫోన్ మోగడం ఆగిపోయింది." వదిన గుడ్డని సవరించింది. సవరించాల్సింది ఏమీ లేదు, అయినా సవరించింది. "మేడమీద నువ్వూ మీ అన్నయ్యా మాట్లాడుకున్నదంతా విన్నాను. ఫోన్ సంగతి చెప్పాడు. మట్టి సంగతి కూడా చెప్పాడు. అంతవరకు చెబుతాడని నేననుకోలేదు. కానీ అక్కడితో ఆపేశాడు."

ఆమె చంకలో ఉన్న పెట్టె బరువెక్కింది. "ఇంకా ఏముంది చెప్పడానికి?"

"మూడుసార్లు ఫోన్ చేసి ఎత్తకపోతే మీ ఆయన ఊరుకునే మనిషా అమ్మాయ్?" వదిన చక్రం మీదనుంచి చెయ్యి తీసేసింది. "రెండు వీధులేగా. నడిచొచ్చాడు. తలుపు తీసింది నేను."

హాల్లో ఎక్కడో గడియారం నడుస్తున్న చప్పుడు ఉన్నట్టుండి పెద్దగా వినిపించింది.

"చొక్కా తడిసిపోయి ఉంది. ఎండకి చెమట పట్టిందనుకున్నా. నా బుద్ధి అంతే. గుమ్మం పట్టుకుని నిలబడి, 'బావ ఉన్నాడా, కారు తియ్యాలి' అన్నాడు. నేను మేడమీదికి కేకేశాను. మీ అన్నయ్య పైనుంచి, 'లేనని చెప్పు' అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు. మెల్లగా అనలేదు."

"ఆయనకి..."

"వినపడింది. మీ ఆయనకి వినపడింది అమ్మాయ్. నేను నోరు తెరిచేలోపలే చెయ్యెత్తి, వద్దులే అన్నట్టు ఊపాడు. నేను అబద్ధం చెప్పే అవసరం లేకుండా చేశాడు. గేటు దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. నీతో చెప్పమని ఒక మాట చెప్పాడు. నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, పదకొండో రోజు చెప్పలేదు, ఇంతవరకూ చెప్పలేదు. చెబితే నా కాపురం ఏమవుతుందో అని. మీ అన్నయ్యకి మాత్రం ఆ రాత్రే చెప్పాను."

పెట్టె ఎప్పుడు కింద పెట్టిందో ఆమెకి తెలియదు. వదిన ముందు నేల మీద కూర్చుని, రెండు మోకాళ్లూ పట్టుకుంది.

"ఏమన్నాడు?"

మెట్ల మీద చెప్పుల్లేని అడుగులు దబదబా దిగి సగంలో ఆగిపోయాయి. అన్నయ్య రెయిలింగు పట్టుకుని ముందుకు వంగాడు. రొప్పుతున్నాడు.

"అది చెప్పకు," అన్నాడు భార్యతో. "నీకు దణ్ణం పెడతా. ఇంకేదైనా చెప్పు. నన్ను ఏమన్నా అను. ఆ ఒక్కమాటా చెప్పకు. అది వింటే తను బతకదు."

నలభై ఏళ్లలో మొదటిసారి వదిన "సరేలెండి" అనలేదు. అతని వైపు తిరిగి చూడను కూడా లేదు. ఆడపడుచు రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, వంగి, ఆమె చెవి దగ్గర పెదవులు పెట్టింది.

(సశేషం)